ఆన్‌లైన్‌లో రక్తం తియ్యడం నేర్చుకోవచ్చా? సగం నేర్చుకోవచ్చు

పర్లాకిమిడి నుంచి ఒక అమ్మాయి అడిగింది. ప్లస్ టూ సైన్స్ పాసయింది, ఇంటి పరిస్థితి వల్ల బయట హాస్టల్లో ఉండి చదవలేదు. ఫోన్‌లో ఒక యాడ్ వచ్చిందట: ఎనిమిది వారాల ఆన్‌లైన్ ఫ్లెబాటమీ (అంటే పరీక్షలకు రక్తం తియ్యడం) కోర్సు, ఫీజు 18 వేలు, సర్టిఫికెట్ ఇస్తారు, "వంద శాతం ఉద్యోగం". చేరమంటారా అని ప్రశ్న. ఇంట్లో తెలుగు, బడిలో తెలుగు, ఒడియా మాట్లాడగలదు కాని రాయడం అంతంత మాత్రమే. చివర్లో భయపడుతూ ఇంకో మాట అడిగింది: రక్తం చూస్తే నాకే కళ్ళు తిరుగుతాయి మేడం, అది పోతుందా?

అమ్మా, నేను బరంపురంలో పంతొమ్మిదేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. మొదట ఆసుపత్రి వార్డుల్లో, ఇప్పుడు ఒక ప్రైవేట్ ల్యాబ్‌లో. కొత్తగా చేరినవాళ్ళకు సూది పట్టుకోవడం నేర్పేది నేనే. మా పెద్దమ్మాయి ఈడుదానివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

ముందు డబ్బు సంగతి. ఆ 18 వేలు ఇప్పుడే కట్టకు. ఆన్‌లైన్ కోర్సులన్నీ మోసమని కాదు. ఈ పనిలో సగం నిజంగానే ఫోన్‌లో నేర్చుకోవచ్చు, ఆ సగం చాలామటుకు ఉచితంగానే దొరుకుతుంది. మిగతా సగం మనుషుల చేతుల మీదే వస్తుంది, దానికి ఏ వీడియో పనికిరాదు. వాళ్ళు డబ్బులడుగుతున్నది ఉచితంగా దొరికే సగానికి. అడగాల్సింది రెండో సగం గురించి.

ఆ నంబరుకు ఫోన్ చేసి ఇలా అడుగు: "ప్రాక్టికల్ ఏ ఊళ్ళో, ఏ ల్యాబ్‌లో, ఎన్ని రోజులు? మనిషి చేతికి నాతో ఎన్నిసార్లు సూది పెట్టిస్తారు? పక్కన నిలబడి చూసేదెవరు? ఇవన్నీ కాగితం మీద రాసిస్తారా?" అవతలివాళ్ళు "అదంతా మేం చూసుకుంటాం మేడం, ముందు రిజిస్ట్రేషన్ చేయించుకోండి" అంటే ఫోన్ పెట్టెయ్యి. నిజంగా నేర్పేవాళ్ళు ల్యాబ్ పేరు, ఊరు, రోజులు గబగబా చెప్పేస్తారు. దాచడానికి వాళ్ళ దగ్గర ఏమీ ఉండదు.

ఇంకోటి. ఇంగ్లీషులో వెతికితే అమెరికా వాళ్ళ కోర్సులు కుప్పలుగా వస్తాయి. ఆ సర్టిఫికెట్‌తో మన దగ్గర ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. పైగా అక్కడ కూడా ఒట్టి ఆన్‌లైన్‌తో పని జరగదు. అక్కడ ఎన్.హెచ్.ఎ. అనే సంస్థ పెట్టే పరీక్ష రాయాలంటే బతికున్న మనుషులకు 30 సార్లు నరంలోంచి, 10 సార్లు వేలి నుంచి రక్తం తీసినట్టు చూపించాలి. కాలిఫోర్నియాలో లైసెన్సు కావాలంటే 50 నరాలు, 10 వేళ్ళు. "బతికున్న మనుషులకు" అని ఎందుకు రాశారా అని నాకు మొదట నవ్వొచ్చింది. రబ్బరు చేతికి పొడిచి లెక్క చూపించేవాళ్ళు అక్కడా ఉంటారు కాబోలు.

ఆ రెండో సగం ఏమిటో కాస్త వివరంగా చెబుతాను. వీడియో చూసినవాళ్ళకు అర్థం కానిది అదే.

నరం కంటికి కనిపిస్తుందనుకుంటారు అందరూ. తెల్లగా, సన్నగా ఉన్నవాళ్ళకు కనిపిస్తుంది, వీడియోల్లో కూర్చోబెట్టేది వాళ్ళనే. మా దగ్గరికి గోపాలపూర్ వైపు నుంచి నోలియా వాళ్ళు, అంటే మన తెలుగు జాలర్లు వస్తారు. ఎండకు కాలిన చేతులు, ఒక్క గీత కూడా కనిపించదు. వేలు పెడితే మాత్రం వలతాడంత నరం తగులుతుంది. ఇళ్ళలో నీడపట్టున ఉండే లావుపాటి ఆడవాళ్ళకు పైన నీలంగా సన్నటి గీతలు బోలెడు కనిపిస్తాయి, అవేవీ పనికిరావు. అసలు నరం లోతుగా ఉంటుంది. దాన్ని కంటితో పట్టుకోలేవు.

నాకు నేర్పినాయన ఒడియా ఆయన, అందరం భాయినా అనేవాళ్ళం. చేరిన వారం రోజుల దాకా నా చేతికి సూది ఇవ్వలేదు. పొద్దున్నే కలెక్షన్ మొదలవకముందు స్టాఫ్‌లో ఎవరో ఒకరి చేయి నా ముందు పెట్టించేవాడు. బెల్టు కట్టి, "ఆఖి బొందొ కొరొ, ఆంగుఠి దేఖిబొ" అనేవాడు. కళ్ళు మూసుకో, వేలు చూస్తుంది అని. నాకు ఒళ్ళు మండేది. ఈ దాగుడుమూతలాటేంటి, సూది ఇవ్వచ్చు కదా అనుకునేదాన్ని. నాలుగో రోజుకో ఐదో రోజుకో తేడా తెలిసింది. నరం నొక్కితే మెత్తగా దిగి మళ్ళీ పైకి లేస్తుంది, తడి స్పాంజిలా. స్నాయువు గట్టిగా తాడులా ఉంటుంది, లేవదు. ధమని అయితే కొట్టుకుంటుంది, దాని జోలికి పోకూడదు. ముసలివాళ్ళ నరం గట్టిగా పుల్లలా తగులుతుంది కాని కింద బొటనవేలితో చర్మం లాగి పట్టుకోకపోతే సూది ముందు నుంచి పక్కకు జారిపోతుంది. ఇదంతా చూపుడు వేలితోనే చూడాలి. బొటనవేలితో నొక్కితే నీ నాడే నీకు తగిలి, అవతలివాళ్ళదనుకుంటావు.

మోచేతి మడతలో మధ్యగా ఉండే నరమే మొదటి ఎంపిక. అది దొరక్కపోతే బొటనవేలి వైపు ఉన్నది. చిటికెనవేలి వైపు నరం పైకి ఊరిస్తూ కనిపిస్తుంది, కాని దాని కిందే పెద్ద ధమని, పక్కనే మెదడుకు కబురు పంపే నరమూ ఉంటాయి. (మన భాషలో అన్నీ నరాలే కావడం పెద్ద తంటా. పేషెంటు "నరం మీద పొడిచేశారు" అంటే ఏ నరం అంటున్నాడో అడిగి తెలుసుకోవాల్సిందే.) సూది పెట్టగానే వేళ్ళ దాకా కరెంటు షాక్ కొట్టినట్టయిందని చెబితే ఇంకేం ఆలోచించకుండా సూది తీసెయ్యాలి. "కొంచెం ఓర్చుకోండి" అనకూడదు.

ఇప్పుడే నువ్వు ఇంట్లో చెయ్యగలిగిన పని ఒకటుంది. సూది లేకుండా. అమ్మ, నాన్న, తమ్ముడు, పక్కింటి అత్త, ఎవరు కూర్చుంటే వాళ్ళ మోచేతి మడత మీద కళ్ళు మూసుకుని వేలు పెట్టు. మధ్య నరం ఎటు నుంచి ఎటు పోతోందో స్కెచ్ పెన్నుతో గీసి, కళ్ళు తెరిచి చూసుకో. రోజుకు నాలుగు చేతులు, నెల రోజులు. ఏ 18 వేల కోర్సులోనూ ఇది చేయించరు. సూదితో మాత్రం ఇంట్లో ఎవరి మీదా ప్రయోగం వద్దు. ఇద్దరు కుర్రాళ్ళు వీడియో చూసి ఒకరి చేతికొకరు పొడుచుకుని, నల్లగా కమిలిన చేతులతో మా దగ్గరికి వచ్చిన రోజు నాకు ఇంకా గుర్తుంది.

ఇక మొదటి సగం. దీన్ని ఫోన్‌లోనే నేర్చుకో, బాగా నేర్చుకో. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో రక్తం తీసే పద్ధతుల మీద ఒక గైడ్ వేసింది, ఇంగ్లీషులో ఉచితంగా దొరుకుతుంది. భాష కష్టం కాదు, బొమ్మలున్నాయి. ల్యాబ్ రిపోర్టుల్లో వచ్చే తప్పుల్లో సగానికి పైగా రక్తం మిషన్‌లోకి వెళ్ళకముందే జరుగుతాయి. అంటే మన చేతుల్లోనే.

ఏ ట్యూబ్ తర్వాత ఏది నింపాలనే వరస ఒక్కటి చాలు, నువ్వు ఎంత నేర్చుకున్నావో తెలిసిపోతుంది. ముందు కల్చర్ బాటిళ్ళు (రక్తంలో క్రిములున్నాయేమో చూసేవి), తర్వాత లేత నీలం మూత, తర్వాత ఎరుపు లేదా పసుపు, తర్వాత ఆకుపచ్చ, తర్వాత ఊదా, చివరకు గ్రే. ఇంటర్వ్యూలో ఇదే అడుగుతారు, అందరూ ఎక్కాల్లా అప్పజెప్పేస్తారు. "ఎరుపు కంటే ముందు ఊదా తీస్తే ఏమవుతుంది?" అని నేనడిగితే పదిమందిలో ఎనిమిదిమంది నోరు తెరవరు.

ఏమవుతుందో నేను స్వయంగా చూశాను. చేరిన రెండో ఏడు, ఒక ఆసుపత్రిలో నైట్ డ్యూటీ. ఒక పెద్దాయనకు నరం దొరక్క దొరక్క దొరికింది. ఊదా ట్యూబ్ నిండింది, ఎర్ర మూత ట్యూబ్‌లో అడుగున కాస్త పడి ఆగిపోయింది. మళ్ళీ పొడవడానికి మనసొప్పలేదు. ఊదా మూత తీసి, అందులోంచి కొంచెం ఎర్ర ట్యూబ్‌లోకి వంపేశాను. రక్తం రక్తమే కదా అనుకున్నాను. గంటన్నర తర్వాత డ్యూటీ డాక్టరు ఫోన్. "పొటాషియం పదకొండు దాటింది, కాల్షియం దాదాపు లేదు. నీ రిపోర్టు ప్రకారం ఈయన చనిపోయి ఉండాలి. నా ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నాడు."

ఊదా ట్యూబ్‌లో రక్తం గడ్డకట్టకుండా వేసే మందు ఇ.డి.టి.ఎ. అనే ఉప్పు, అది పొటాషియంతో కలిసి ఉంటుంది. రక్తంలోని కాల్షియాన్ని పట్టేసుకుని గడ్డకట్టకుండా ఆపుతుంది. అందుకే అది కలవడంతో పొటాషియం ఆకాశానికి, కాల్షియం పాతాళానికి. నేను చేసిన పని మరీ గుడ్డిగా ఉంది కాబట్టి దొరికిపోయింది. అంతకంటే తక్కువ కలిసి ఉంటే పొటాషియం ఆరున్నర అని వచ్చేది, డాక్టరు నమ్మేవాడు, గుండె ఆగకుండా ఇంజెక్షన్లు మొదలయ్యేవి. ఆ రాత్రి మళ్ళీ శాంపిల్ తియ్యడానికి వెళితే ఆ పెద్దాయనే "ఏం కాదులే అమ్మా, ఇంకోసారి తియ్యి" అన్నాడు. అదే నాకు ఎక్కువ సిగ్గనిపించింది.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. లేత నీలం ట్యూబ్‌ను గీత దాకా నింపాలి, తొమ్మిది వంతుల రక్తానికి ఒక వంతు మందు. తక్కువైతే గడ్డకట్టే టైమ్ ఎక్కువ చూపిస్తుంది. సీతాకోక సూది వాడితే దాని పైపులో ఉన్న గాలి ఈ ట్యూబ్‌లోకే పోతుంది కాబట్టి ముందు ఒక ఉత్త ట్యూబ్ పెట్టి తీసి పారెయ్యాలి. ఊదా ట్యూబ్‌ను ఎనిమిది పదిసార్లు మెల్లగా తలకిందులు చెయ్యాలి. కుదపకూడదు, మజ్జిగ చిలకడం కాదు. కుదిపితే కణాలు పగిలిపోతాయి. ఊరికే వదిలేస్తే గడ్డలు కట్టి ప్లేట్‌లెట్లు ఇరవై వేలని వస్తుంది, ఇంట్లోవాళ్ళు డెంగీ అని ఏడుపులు మొదలెడతారు. బెల్టును మోచేతి మడతకు నాలుగు వేళ్ళ ఎత్తులో కట్టి, నిమిషం లోపల వదిలెయ్యాలి. సూది తీసేలోపే బెల్టు వదులవ్వాలి. పిడికిలి ఒకసారి బిగిస్తే చాలు, టపటపా మూసి తెరవమని చెప్పేవాళ్ళున్నారు, దాంతో కూడా పొటాషియం పెరుగుతుంది. స్పిరిట్ రాశాక ఆరనివ్వాలి, ఊదకూడదు. తడి మీద పొడిస్తే పేషెంటుకు మంట, శాంపిల్ పాడు. తీసేశాక దూది పెట్టి చేయి మడిచేస్తారు మన ఊళ్ళల్లో, డాక్టర్లతో సహా. మడిస్తే నరం నోరు తెరుచుకునే ఉంటుంది, లోపల రక్తం కారి నల్లగా కములుతుంది. చేయి చాపి, వేలితో గట్టిగా రెండు మూడు నిమిషాలు నొక్కించు. రెండుసార్లు పొడిచినా దొరక్కపోతే మూడోది నువ్వు చెయ్యకు, ఇంకొకర్ని పిలువు. అందులో అవమానం ఏమీ లేదు, ఇప్పటికీ నెలకోసారి నేనూ పిలుస్తాను.

పేర్ల సంగతి చెప్పాలి. ట్యూబుల కంటే ఇదే ఎక్కువమందిని ముంచుతుంది. "మీ పేరు లక్ష్మేనా?" అని అడగకూడదు. భయంతో ఉన్న మనిషి దేనికైనా తలూపుతుంది. మా వార్డులో ఇద్దరు లక్ష్ములుంటే షుగర్ ఎక్కువున్న లక్ష్మి రిపోర్టు ఇంకో లక్ష్మికి వెళ్ళింది. నర్సు కనిపెట్టింది కాబట్టి ఇన్సులిన్ పడలేదు. "మీ పేరేంటమ్మా? మీ ఇంటాయన పేరు? వయసు?" అని వాళ్ళ నోటితోనే చెప్పించాలి. ఒడియా వాళ్ళయితే "ఆపొణొంకొ నా కొణొ?" అని. లేబుల్ రక్తం తీశాక, పేషెంటు ఎదురుగా, అక్కడే అంటించాలి. ముందే అంటించి పెట్టుకున్న ట్యూబులు, "తర్వాత అంటిద్దాం" అని జేబులో వేసుకున్న ట్యూబులు, రెండూ కొంప ముంచుతాయి.

ఈ విషయంలో నీకున్న వీలు విశాఖలో చదివిన పిల్లకు ఉండదు. మన సరిహద్దు మనిషికి రెండు భాషలు నోట్లో ఉంటాయి. మోహన, గుమ్మ వైపు నుంచి వచ్చే సవర పేషెంట్లకు ఒడియా కూడా సరిగా రాదు, వాళ్ళ మాటలు ఓ పది నేర్చుకుంటే చేయి తనంతట తనే ముందుకొస్తుంది. నాలుగు ట్యూబులు చూసి "అంత రక్తం తీసేస్తారా, అమ్ముకుంటారా" అనేవాళ్ళున్నారు. పోట్లాడకు. నాలుగు ట్యూబులు కలిపితే పన్నెండు ఎం.ఎల్. దాటదు, అంటే టీ చెంచాతో రెండున్నర చెంచాలు. నేను బల్ల మీద ఒక చెంచా పెట్టుకుని చూపిస్తాను, గొడవ అక్కడితో అయిపోతుంది.

పర్లాకిమిడిలో పనిచేస్తే పాతపట్నం వైపు నుంచి, మా దగ్గరైతే ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట నుంచి కిడ్నీ పేషెంట్లు తగులుతారు. ఆ ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎంత ఎక్కువో నీకు తెలియనిది కాదు. పలాసలో కిడ్నీ ఆసుపత్రి వచ్చినా బంధువులు ఇటున్నారని, రైలు వీలని బరంపురం వచ్చేవాళ్ళు ఉన్నారు. డయాలిసిస్ కోసం చేతిలో ఫిస్టులా, అంటే ఆపరేషన్ చేసి ధమనిని నరంతో కలిపిన చోటు, ఉంటుంది. ఆ చేతిని ముట్టుకోకూడదు. బెల్టు కట్టకూడదు, సూది పెట్టకూడదు, బీపీ కూడా చూడకూడదు. పైన చెయ్యి పెడితే పిల్లి గుర్రుమన్నట్టు లోపల సన్నగా అదురుతుంది, అదే గుర్తు. ఇంకా డయాలిసిస్ దాకా రాని వాళ్ళయినా క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే లెక్క) ఎక్కువుంటే మోచేతి మడతలో, ముంజేతి మీద పొడవకుండా అరచేతి వెనక నుంచి సన్న సూదితో తియ్యి. ఆ నరాలు రేపు ఫిస్టులాకు కావాలి. పేషెంటు "ఇక్కడ బాగా కనబడుతోంది కదా, ఇక్కడే తియ్యండి" అని మడత చూపిస్తాడు. వినకు. రొమ్ము ఆపరేషన్ అయిన వైపు చేయి, సెలైన్ ఎక్కుతున్న చేయి కూడా అంతే.

సూది మనకే గుచ్చుకోవడం గురించి కోర్సు యాడ్‌లో ఒక్క ముక్క ఉండదు. వాడిన సూదికి మూత పెట్టకూడదు. మూత పెట్టబోయే నేను వేలికి పొడుచుకున్నాను, ఆ చోట సూది కత్తిరించే మిషన్ పాడైతే నెలల తరబడి బాగు చేయించలేదు. పిండకుండా సబ్బు నీళ్ళతో కడిగి, వెంటనే డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి. హెచ్.ఐ.వి. రాకుండా ఇచ్చే మందులు రెండు గంటల్లో మొదలెడితే మంచిది, 72 గంటలు దాటితే పనిచెయ్యవు, 28 రోజులు వాడాలి. ఆ 28 రోజులు నాకు అన్నం సయించలేదు, మందుల వల్ల కొంత, టెన్షన్ వల్ల ఎక్కువ. ఏమీ కాలేదు. నిజానికి సూది ద్వారా హెచ్.ఐ.వి. వచ్చే అవకాశం వెయ్యికి మూడు లాంటిది. హెపటైటిస్ బి టీకా వేసుకోని మనిషికి అదే సూది చాలా ఎక్కువ ప్రమాదం, నూటికి ముప్పై దాకా ఉండొచ్చు. కాబట్టి కోర్సులో చేరకముందే టీకా మొదలెట్టు. ఈ రోజు ఒకటి, నెలకు ఒకటి, ఆరో నెలకు ఒకటి. అయిపోయాక నెలా రెండు నెలల్లో యాంటీబాడీ టెస్టు చేయించుకో, పది దాటాలి. టీకా గురించి అడగకుండా నిన్ను పేషెంటు దగ్గరికి పంపే ల్యాబ్‌లో చేరకు.

ఇప్పుడు అసలు ఉద్యోగం. ఇక్కడ కొంచెం చేదు మాట చెప్పాలి. మన దేశంలో ఒక్క రక్తం తియ్యడమే పనిగా ఉండే ఉద్యోగం పెద్ద ల్యాబ్ కంపెనీల్లో, ఇంటికొచ్చి శాంపిల్ తీసుకెళ్ళే పనుల్లో, పెద్ద కార్పొరేట్ ఆసుపత్రుల్లో ఉంటుంది. అంటే భువనేశ్వర్, విశాఖ, హైదరాబాద్. బరంపురంలో కొన్ని. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ లాంటి చోట్ల చిన్న ల్యాబ్‌లో ఒక్కడే మనిషి ఉంటాడు, రక్తం తీసి, మిషన్‌లో పెట్టి, రిపోర్టు టైప్ చేసి, సాయంత్రం షట్టర్ దించేది కూడా అతనే. వాళ్ళకు డి.ఎం.ఎల్.టి., అంటే ల్యాబ్ టెక్నాలజీ డిప్లొమా చదివినవాళ్ళు కావాలి. అది రెండేళ్ళు. ఎలాగోలా కుదిరితే నేను దానికే ఓటేస్తాను. కొత్తగా వచ్చిన ఫ్లెబాటమిస్టుకు, కొత్తగా వచ్చిన డి.ఎం.ఎల్.టి. పిల్లకు మొదటి ఏడు జీతంలో పెద్ద తేడా ఉండదు. ఐదేళ్ళ తర్వాత ఒకరు ఇంకా బైక్ మీద ఇళ్ళకు తిరుగుతుంటారు, ఇంకొకరు ల్యాబ్ చూసుకుంటుంటారు.

రెండేళ్ళు కుదరదంటే, ఫ్లెబాటమీలో మన ప్రభుత్వ స్కిల్ పద్ధతి కిందకు వచ్చే కోర్సు వెతుకు. హెల్త్‌కేర్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ వాళ్ళది, కోడ్ హెచ్.ఎస్.ఎస్. క్యూ 0501. యాడ్‌లో ఆ కోడ్ ఉందేమో చూడు, లేకపోతే ఏ కోడ్ అని అడుగు. కేంద్రం వాళ్ళ కౌశల్ వికాస్ యోజన కింద ఫీజు లేకుండా నడిచే బ్యాచ్‌లు అప్పుడప్పుడు పడతాయి, దగ్గర్లో ఏదైనా ఉందేమో స్కిల్ ఇండియా సైట్‌లో చూసుకో. పర్లాకిమిడిలోనే సెంచూరియన్ యూనివర్సిటీ ఉంది, ఇంటి పక్కన పెట్టుకుని ఫోన్‌లో ఎవరికో డబ్బు పంపేముందు ఒకసారి వెళ్ళి ఏమేం కోర్సులున్నాయో అడుగు.

భాష దగ్గర మనవాళ్ళు ఎక్కువగా దెబ్బతింటారు. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగానికి ఒడియా చదవడం, రాయడం, మాట్లాడడం రావాలి, కనీసం ఏడో తరగతి స్థాయి ఒడియా పాసై ఉండాలి. తెలుగు మీడియంలో చదివినా ఒడియా ఒక సబ్జెక్టుగా పాసై ఉంటే సరిపోతుంది, నీ సర్టిఫికెట్లు తీసి చూసుకో. లేకపోతే ఆ స్థాయి పరీక్ష విడిగా రాయాలి. ఆంధ్రాకు పోదామంటే చదువంతా ఇటు జరిగింది కాబట్టి అక్కడ నువ్వు లోకల్ కావు. సరిహద్దు మీద పుట్టినందుకు మనకు దక్కిన బహుమానం ఇది. డి.ఎం.ఎల్.టి. చేసినా సరే, ఏ రాష్ట్రంలో పని చెయ్యాలనుకుంటున్నావో ఆ రాష్ట్రం ఒప్పుకునే సంస్థలో చెయ్యి. 2021లో పారామెడికల్ వాళ్ళందరికీ కేంద్రం ఒక చట్టం తెచ్చింది, దాని కింద రిజిస్ట్రేషన్లు వస్తున్నాయి కాబట్టి గాలివాటం సర్టిఫికెట్లకు రోజులు దగ్గర పడ్డాయి.

ఇంకో దారి కూడా చూసుకో. సికిల్ సెల్ జబ్బును (ఎర్ర కణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు) 2047 నాటికి లేకుండా చెయ్యాలని 2023 జూలై 1న కేంద్రం ఒక కార్యక్రమం మొదలుపెట్టింది, గిరిజన ప్రాంతాల్లో ఏడు కోట్ల మందికి పరీక్షలు చెయ్యాలని లెక్క. గజపతి, రాయగడ మనవైపే. క్యాంపులు పడినప్పుడు వేలి నుంచి రక్తం తియ్యడానికి చేతులు కావాలి. ఉంగరం వేలు గాని మధ్యవేలు గాని, సరిగ్గా కొన మీద కాకుండా పక్కగా పొడిచి, మొదటి చుక్క తుడిచేసి రెండో చుక్క తీసుకోవడం. నెలల పిల్లలకయితే మడమ పక్కన. క్యాంపుల్లో స్థిరమైన ఉద్యోగం ఉండదు, కాని చెయ్యి తిరగడానికి అంతకంటే మంచి బడి లేదు.

నేనైతే ఇలా చేస్తాను. ఈ నెల చేతులు పట్టుకుని నరాలు వెతుకుతూ, ట్యూబుల సంగతి ఫోన్‌లో చదువుతూ, మొదటి టీకా వేసుకుని, మీ ఊళ్ళో ఏదో ఒక ల్యాబ్‌కు వెళ్ళి "అన్నయ్యా, జీతం వద్దు, పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా లేబుల్స్ అంటించి, బెల్టు కడతాను, చూసి నేర్చుకుంటాను" అని అడుగుతాను. పరగడుపు శాంపిళ్ళకు జనం అప్పుడే వస్తారు, ల్యాబ్ వాళ్ళకు చేతులు చాలవు. ఇద్దరు కాదంటారు, మూడోవాడు సరేనంటాడు. మూడు నెలలు చూశాక ఈ పని నీకు నచ్చుతుందో లేదో నీకే తెలుస్తుంది. ఆ తర్వాత కోర్సుకు డబ్బు కట్టు. సూది పట్టుకోవడం మాత్రం కోర్సులో చేరి, పక్కన నేర్పేవాళ్ళు ఉన్నప్పుడే.

కళ్ళు తిరగడం గురించి అడిగావు కదా. నా మొదటి పేషెంటు ఛత్రపురం నుంచి వచ్చిన లారీ డ్రైవరు, ఆజానుబాహుడు. సూది పెట్టాను, ట్యూబ్‌లోకి రక్తం చిమ్మింది, నాకు చెవుల్లో గుయ్యిమంది. భాయినా నా భుజం పట్టుకునేలోపే ఆ డ్రైవరు తన రెండో చేత్తో నా కుర్చీ వెనక్కి పడకుండా పట్టుకున్నాడు. సూది చేతిలోనే ఉంది. "నాకు ఇస్తే నేనే తీసుకుంటానమ్మా" అన్నాడు. ఆ వారంలో ఇంకో రెండుసార్లు అలాగే అయింది, తర్వాత రాలేదు. అప్పటినుంచి ఉదయం ఏమీ తినకుండా డ్యూటీకి వెళ్ళను, నువ్వూ వెళ్ళకు. పేషెంట్లు పరగడుపున రావాలి గాని మనం కాదు.